తమ్ముడు అడిగిన నీళ్లు

మా తమ్ముడు చనిపోయిన సంవత్సరము 1961. అప్పటికి నాకు పది యేండ్లు, వానికి మూడవ యేడు నడుచుచుండెను. ఎండలు ముదిరిన దినములు. చెరువు అడుగంటినది. దిగుడు బావిలో మిగిలిన నీళ్లే పల్లెకంతటికి ఆధారము. ఒక సోమవారము తెల్లవారుజామున వానికి బేదులు పట్టుకొన్నవి. మధ్యాహ్నమునకు వాంతులు కూడ మొదలాయెను. మా అమ్మ వానిని ఒడిలో వేసికొని గడప దగ్గర కూర్చున్నది. ఇరుగు పొరుగు స్త్రీలు వచ్చి అందరును ఒక్క మాటే చెప్పిరి. "నీళ్లు పొయ్యమాక. పోసినకొద్దీ పోతాయి. కడుపు ఎండగడితేనే కట్టుకుంటాయి." లంఖణము పరమౌషధమని పెద్దలు చెప్పుచు వచ్చిన మాట మీరును వినియున్నారు. మా అమ్మ ఆ మాట నమ్మినది. ఆమెకు వేరొక మాట చెప్పినవారు ఎవరును లేరు.

వాడు నీళ్లు అడిగెను. వసారాలో కుండ ఉన్నది. కుండ మీద మూకుడు, మూకుడు మీద సత్తు గ్లాసు. వాని కన్నులు ఆ గ్లాసు మీదనే యుండెను. "అమ్మా, నీళ్లు" అని మొదట ఏడ్చి అడిగెను. పిమ్మట ఏడ్పు లేకుండ అడిగెను. సాయంకాలమునకు పెదవులు మాత్రము కదలుచుండెను. అమ్మ తడిగుడ్డతో ఆ పెదవులు తుడిచి, "తగ్గినాక ఇస్తా నాయనా, తగ్గినాక ఇస్తా" అని చెప్పుచుండెను. మరునాడు ప్రొద్దు పొడవక మునుపే వాడు పోయెను. సమాధి యొద్ద పెద్దలు ఇది దైవచిత్తమనిరి. మేమందరమును తలలు వంచి ఒప్పుకొంటిమి.

ఇరువది మూడేండ్లు గడచినవి. నాకు వివాహమై అదే ఊరిలో కాపురముంటిని. మా వారు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులు. ఆదివారములు ఆరాధన జరిపించువారును వారే గనుక స్త్రీల సమాజము పని నా మీద పడినది. 1984లో పట్టణమునందు మూడు దినములు తరగతులు జరిగినవి. కుట్టుపని, పాటలు, అటువంటివి. రెండవ దినమున ఒక నర్సమ్మ వచ్చినది. మళయాళ దేశస్థురాలు, తెలుగు ముక్కలు ముక్కలుగా మాటలాడును. బల్ల మీద ఒక కూజా పెట్టి, లీటరు కాచి చల్లార్చిన నీళ్లు పోసి, ఆరు చెంచాల చక్కెరయు అర చెంచా ఉప్పును కొలిచి కలిపినది. చెంచాను వేలితో తల గీసి సమముగా కొలవవలెనని పలుమారులు చెప్పినది. బిడ్డకు బేదులు పట్టినప్పుడు ఈ నీళ్లు చెంచా చెంచాగా త్రాగింపవలెను, తల్లిపాలు మానరాదు, అన్నము మానరాదు. బిడ్డలను చంపునది బేది కాదు, ఒంటిలో నీరు ఉప్పు ఇంకిపోవుటయే చంపుచున్నదని ఆమె చెప్పినప్పుడు నా చేతిలోని పెన్సిలు ఆగిపోయెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తమ్ముడు గుర్తునకు వచ్చెను, సత్తు గ్లాసు గుర్తునకు వచ్చెను. అయితే అమ్మ గుర్తునకు రాలేదు. అది నా తప్పు. క్రొత్త సంగతి నేర్చుకొనినవారికి దానిని చెప్పవలెనని ఉండు ఆత్రములో, ఎదుట కూర్చున్నవారు ఎవరో కనబడరు.

తరువాతి గురువారము సమాజము కూడినప్పుడు నేను ఆ కూజా, ఆ చెంచా, ఆ ఉప్పు అన్నియు పెట్టుకొని నర్సమ్మ వలెనే చెప్పితిని. ఇరువది మంది దాక వచ్చిరి. "నీళ్లు ఇయ్యకుండ ఎండగట్టుటయే మన బిడ్డలను చంపుచున్నది" అని గట్టిగా చెప్పితిని. నాలుగవ వరుసలో చాప మీద మా అమ్మ ఉన్నది. ఆమె ఒక్క మాటయు అనలేదు. మోకాలి మీద చేయి ఊని లేచి, చెప్పులు వేసికొనకుండనే బయటికి పోయినది. చెప్పులు గుమ్మము దగ్గర అట్లే యుండెను. అప్పుడు నాకు తెలిసినది, నేనేమి చేసితినో.

నాలుగు దినములు ఆమె మా ఇంటికి రాలేదు. అయిదవ దినమున నేనే పోతిని. ఆమె బియ్యములో రాళ్లు ఏరుచుండెను. చాలసేపటికి చేట మీదనుండి తల ఎత్తకుండ, "వాడు అడిగాడే" అన్నది. నేను ఏమియు చెప్పలేకపోతిని. మరి కొంతసేపటికి, "ఉప్పెంతన్నావు?" అని అడిగినది. చెప్పితిని. "చక్కెర మనింట్లో ఎక్కడుంటదే, బెల్లమైతే పనికిరాదా?" అన్నది. నాకు తెలియదంటిని.

ఆ ప్రశ్న నన్ను విడువలేదు. ఎవరిని అడిగినను సరియైన జవాబు దొరకలేదు. ఈ నీళ్లను ఎవరు కనుగొనిరి, ఎట్లు కనుగొనిరి అని నేను తెలిసికొన మొదలు పెట్టినది అందువలననే. కొంత అప్పుడు మిషను ఆసుపత్రి పుస్తకములలో చదివితిని. చాల భాగము ఇప్పుడు మా మనుమడు ఫోనులో చదివి వినిపించినది. డెబ్బది అయిదేండ్ల దానికి ఇదొక పిచ్చి అని కోడలు నవ్వుచుండును.

కలకత్తాలో హేమేంద్రనాథ్ ఛటర్జీ అను వైద్యుడు 1953లోనే కలరా రోగులకు ఉప్పు చక్కెర నీళ్లు త్రాగించి బాగు చేసి, లండను నందలి లాన్సెట్ అను వైద్య పత్రికలో వ్రాసెను. కాని ఎంత నీరు పోయినది, ఎంత లోపలికి వచ్చినది అను లెక్కలు అందులో లేకపోవుటచే పెద్ద వైద్యులు దానిని పట్టించుకొనలేదు. మేలు చేసిన పని యైనను కొలత లేకపోయిన యెడల ఎదుటివానిని నమ్మించుట ఎంత కష్టమో చూడుడి. 1960లో రాబర్ట్ క్రేన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు మన ప్రేగులలో ఉప్పును చక్కెరయు జోడుగా లోపలికి పోవునని చెప్పెను. నేను స్త్రీలకు దానిని ఇట్లు చెప్పుచుంటిని: ప్రేగు గోడకు ఒక తలుపు ఉన్నది. ఉప్పు ఒంటరిగా వచ్చి తట్టిన తెరువరు; చక్కెర చేయి పట్టుకొని వచ్చిన తెరతురు. ఆ రెండింటి వెంట నీళ్లు లోపలికి పోవును. కలరాలో ప్రేగులు ఎంత నీరు విడిచినను ఈ తలుపు మాత్రము చెడదు.

ఢాకాలో 1960లో స్థాపింపబడిన కలరా పరిశోధనశాలలో ఒక విధమైన మంచము వాడుచుండిరి. మంచము నడుమ రంధ్రము, దాని క్రింద బకెట్టు. రోగి విరేచనమును ఆ బకెట్టులో పట్టి కొలిచి వ్రాయుదురు. అంత పోయినదో అంత నీరు తిరిగి లోపలికి పోవునట్లు చూతురు. డేవిడ్ నేలిన్, రిచర్డ్ క్యాష్ అను ఇద్దరు యౌవనస్థులైన వైద్యులు ఈ విధముగా కొలిచి, నోటి ద్వారా ఇచ్చిన నీళ్లు సూది ద్వారా ఎక్కించు సెలైనులో నూటికి ఎనుబది వంతులు తగ్గించునని 1968లో లోకమునకు చూపిరి. పరిశోధన యనగా గాజు గొట్టములు, తెల్లకోట్లు అని అనుకొనెడు దానను. రోగుల విరేచనములను రాత్రింబవళ్లు కొలుచుట యని వినినప్పుడు నాకు ఆ పని మీద గౌరవము హెచ్చెను. ఆ పని మన తల్లులందరును చేయుదురు గాని, వ్రాసి పెట్టరు.

1971లో తూర్పు బెంగాలునుండి యుద్ధమునకు వెరచి లక్షల జనము ఇటు పారి వచ్చినప్పుడు సరిహద్దున బనగాఁవ్ అను పట్టణములో కలరా చెలరేగెను. దిలీప్ మహలనబిస్ అను వైద్యుడు అక్కడికి వెళ్లగా, ఆసుపత్రిలో రెండు గదుల నేల మీద రోగులు నిండియుండిరి. సెలైను సీసాలు అయిపోవుచుండెను. ఆయన గ్లూకోజు, ఉప్పు, వంట సోడా కలిపి డ్రమ్ములలో పోయించి, చెంబులు గ్లాసులు తెచ్చుకొని మీ వారికి మీరే త్రాగించుకొనుడని రోగుల బంధువులకు చెప్పెను. తల్లులు, భర్తలు, అన్నదమ్ములు, వీరే నర్సులైరి. ఆ శిబిరములో అంతకు ముందు నూటికి సుమారు ముప్పది మంది చనిపోవుచుండగా, ఇట్లు త్రాగించిన వారిలో నూటికి నలుగురు కూడ చనిపోలేదు. ఆయన 1973లో లెక్కలతో సహా ఈ సంగతి ప్రచురించెను. ఆయన 2022లో మరణించినారు; 2023లో మన ప్రభుత్వము పద్మవిభూషణ్ ప్రకటించినది. ఆయన పేరు మన ఊళ్లలో ఎవరికిని తెలియదు. మా అమ్మకు తెలిసియుండిన యెడల, వాడు నీళ్లడిగిన నాటికి పదేండ్లు ఆలస్యముగా వచ్చినాడని అనియుండును.

బెల్లము సంగతి చెప్పవలెను గదా. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అను సేవాసంస్థ 1980 మొదలు పదేండ్లలో కోటి ఇరువది లక్షలకు పైగా ఇండ్లకు స్త్రీలను పంపి ఈ నీళ్లు చేయుట నేర్పించెను. పొట్లములు కాదు, ఇంటిలో ఉన్నవే. మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లము, అర శేరు నీళ్లు. మా అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు అప్పటికే అక్కడ ఇంటింటికి నడుచుచుండెను. మాకు చేరలేదు, అంతే.

వారు నేర్పిన విధము వినదగినది. ముందు తాము చేసి చూపి ఊరకుండలేదు. తల్లి చేతనే కలిపించి, ఆమె నోటనే ఎట్లు కలిపితినో చెప్పించిరి. తరువాత వేరొకరు ఆ ఊరికి పోయి కొందరు తల్లులను ఎంచుకొని వారి జ్ఞాపకమును పరీక్షింతురు. తల్లులకు ఎంత గుర్తున్నదో దానిని బట్టియే నేర్పినవారికి జీతము. మన సంఘములలో ప్రసంగము చేయువారికి ఈ ఏర్పాటు పెట్టిన యెడల ఎందరము పస్తులుందుమో!

ఇంత శ్రద్ధతో నేర్పినను మొదట్లో ఒక చిక్కు వచ్చినది. తల్లులకు అన్నియు జ్ఞాపకమున్నవి. ఉప్పు కొలత తప్పుట లేదు. అయినను బిడ్డకు బేదులు వచ్చినప్పుడు ఆ నీళ్లు వాడినవారు చాల కొద్ది మంది. ఇతరులైన యెడల తల్లులదే తప్పని వ్రాసి ముగించియుందురు. వారు మరల పోయి అడిగిరి. అడుగగా తేలినది రెండు సంగతులు. ఇంటి మగవారికి ఎవరును చెప్పలేదు. నేర్పుటకు పోయిన పనివారిలోనే అనేకులకు తమ మాట మీద తమకు నమ్మకము లేదు; తమ ఇండ్లలో బేదులు వచ్చినప్పుడు వారు ఆ నీళ్లు వాడుట లేదు. అప్పుడు ఆ పనివారికి ఇది లోపల ఎట్లు పనిచేయునో విప్పి చెప్పిరి; సంతలలోను మసీదులలోను మగవారిని కూడదీసి చెప్పిరి. వాడుక పెరిగినది.

మా మనుమడు ఈ భాగము చదువుచుండగా నేను చాలించుమంటిని. ఆ పనివారి మధ్య నేనును ఉన్నట్లు నాకు తోచినది.

1986లో, నేను రెండేండ్లుగా ఊరూర తిరిగి ఈ నీళ్లు నేర్పుచుండగా, మా చిన్నవానికి మూడవ యేట బేదులు పట్టుకొన్నవి. మూడవ యేడు! వానిని చూచినకొద్ది నా కాళ్లు చేతులు ఆడలేదు. కూజా లేదు, చెంచా లేదు. మా వారి సైకిలు మీద వానిని వేసికొని పొరుగూరి ఆరెంపీ దగ్గరకు పరుగెత్తితిమి. "అయ్యా, ఒక సూది వెయ్యండి, మంచి సూది వెయ్యండి" అని నేనే బ్రతిమాలితిని. ఆయన సూది వేసి, రెండు రంగుల బిళ్లలిచ్చి, నెమ్మదించకపోతే పట్టణమునకు పోయి సీసా ఎక్కించుకొండనెను. చీకటి పడినది. పట్టణమునకు బస్సు తెల్లవారితే గాని లేదు.

ఆ ఆరెంపీని ఏండ్ల తరబడి మనస్సులో నిందించుచు వచ్చితిని. సూదికి డబ్బు, నీళ్లకు డబ్బు లేదు, అందుకే చెప్పలేదని. అయితే 2024లో సైన్స్ అను పత్రికలో ఒక పరిశోధన వచ్చినది. కర్ణాటక, బీహారు రాష్ట్రముల పట్టణములలో రెండు వేలకు పైబడిన వైద్యుల దగ్గరకు, ఇంటిలో బిడ్డకు బేదులని చెప్పుచు రోగుల వారివలె మనుష్యులను పంపిరి. ఈ వైద్యులలో చదివినవారు, మన ఆరెంపీల వంటివారు అందరును ఉన్నారు. ఓ.ఆర్.ఎస్. పొట్లము వ్రాయకపోవుటకు కారణమేమని చూడగా, లాభాపేక్ష చిన్న కారణమే యని తేలినది, పొట్లములు దొరకకపోవుటయు చిన్నదే. పెద్ద కారణము వేరు: వచ్చినవారికి అది ఇష్టముండదని వైద్యులు అనుకొనుట. మాకు ఓ.ఆర్.ఎస్. కావలెనని ముందుగా చెప్పినవారికి అది ఎక్కువగా వ్రాసిచ్చిరి. అనగా నేను సూది అడిగితిని, ఆయన సూది ఇచ్చెను. నేను ఇరువది గ్రామములలో నేర్పినదానిని ఆయన ఎదుట ఒక్కసారి పలికియుండవచ్చును.

లూకా వైద్యుడు గనుకనో ఏమో, వ్రాయుటకు ముందు కన్నులార చూచినవారిని అడిగి తెలిసికొనెను. నిందించుటకు ముందు అడుగుట నేను నేర్చుకొనుటకు ముప్పది ఎనిమిదేండ్లు పట్టినది.

ఇప్పుడు పొట్లములు ఆశా కార్యకర్తల దగ్గర ఉన్నవి. దానితో పాటు జింకు బిళ్లలు 10 నుండి 14 దినములు ఇయ్యవలెనని 2004 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అయినను 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో బేదులైన బిడ్డలలో నూటికి సుమారు అరువది మందికే ఓ.ఆర్.ఎస్. అందినది. తక్కిన నలువది మంది ఏ ఇండ్లలో ఉన్నారో నాకు తెలియును. అవి మన ఇండ్లే. మరొకటి. అంగళ్లలో ఓ.ఆర్.ఎస్. అను పేరు పెట్టి తియ్యని పానీయములను అమ్ముచుండిరి. అందులో చక్కెర మితిమీరి ఉండుటచే బేది హెచ్చును. హైదరాబాదులోని పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ గారు ఏండ్ల తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడరాదని ఆజ్ఞాపించినది. మీరు పొట్లము కొనునప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రము అని ఉన్నదో లేదో, ఎంత నీటిలో కలుపవలెనో చదివించుకొని మరీ కొనుడి. బిడ్డ మగతగా పడియున్నను, త్రాగలేకపోయినను, విరేచనములో రక్తము కనబడినను నీళ్లు చాలునని ఇంటిలో కూర్చుండకుడి. త్రాగగలిగినంత త్రాగించుచు ఆసుపత్రికి తీసికొనిపోవుడి.

ఆ రాత్రి సంగతి సగములో విడిచితిని. మేము చిన్నవానితో ఇంటికి వచ్చుసరికి మా అమ్మ వసారాలో ఉన్నది. ఎవరో చెప్పగా వచ్చినది. నా ఒడిలోనుండి బిడ్డను తీసికొని, "నువ్వు సమాజంలో చెప్పిన నీళ్లేవే?" అన్నది. నేను ఏడ్చితిని. "ఏడుపు తరవాత. పొయ్యి ముట్టించు" అన్నది. నీళ్లు కాచి, చల్లార్చి, కొలిచి కలిపితిని. ఆమె ఒక చుక్క నాలుక మీద వేసికొని, "కన్నీళ్లంత ఉప్పగా ఉంది, అంతేనా?" అని అడిగినది. అంతే అంటిని.

వాడు మొదటి నాలుగు చెంచాలు కక్కెను. నాకు ఆశ పోయినది. అమ్మ గోడ గడియారము చూచి, పది నిమిషములు ఊరకుండి, మరల చెంచా అందుకొన్నది. కక్కిన కొలది ఆగును, ఆగి మరల పోయును. నేను అందుకొందునంటే ఇయ్యలేదు, మా వారు అందుకొందుమన్నను ఇయ్యలేదు. మధ్యరాత్రి దాటినాక వాడు తనంతట తానే "అమ్మమ్మా, నీళ్లు" అన్నాడు. ఆమె చేయి ఒక్క క్షణము గాలిలో ఆగినది. చెంచా ప్రక్కన పెట్టి గ్లాసు వాని నోటికి అందించినది. వాడు రెండు చేతులతో పట్టుకొని త్రాగెను.

కోడి కూయు వేళకు వాడు ఆమె ఒడిలోనే మూత్రము పోసికొన్నాడు. చీరంతయు తడిసినది. నర్సమ్మ మాకు చెప్పియుండెను, ఒంటిలోనికి నీరు తిరిగి వచ్చినదనుటకు అదే గురుతని. నేను గుడ్డ తెచ్చి తుడువబోతిని.

"ఉండనియ్యే" అన్నది మా అమ్మ. "కాసేపుండనియ్యి."